స్థలం నగరానిది, ఇల్లు ఎన్నాళ్లది?

అందరికీ నమస్కారం. ప్రభుత్వ స్థలాల్లో సబ్సిడీ ఇళ్ల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఒక్క సాయంత్రంలో తేలే విషయం కాదిది. అందుకని నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచిన ఒక ప్రశ్న పట్టుకుని, దాని చుట్టూనే తిరుగుతాను.

ఏ నగరమైనా తీసుకోండి. బాగా స్థిరపడిన ఒక పేట. దాని మధ్యలో నగరపాలక సంస్థదో, ఏదో ప్రభుత్వ శాఖదో ఒక స్థలం ఉంటుంది. పాత బస్సు డిపో కావచ్చు, మూతపడిన బడి కావచ్చు, ప్రహరీ కట్టి వదిలేసిన ఖాళీ జాగా కావచ్చు. అక్కడ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇళ్లు కడతామని ఒకరోజు ప్రకటన వస్తుంది. వెంటనే అందరూ అడిగేది, ఎన్ని ఇళ్లు అని. పత్రికల్లో శీర్షికకెక్కేది ఆ అంకే, శిలాఫలకం మీద చెక్కేదీ ఆ అంకే. మీరు ఇంకో ప్రశ్న కూడా అడగాలని నా కోరిక. ఆ ఇళ్లు తక్కువ అద్దెకు ఎన్నేళ్ల పాటు దొరుకుతాయి? ఆ గడువు తీరిన మర్నాడు ఆ స్థలం ఎవరిది?

ముందు భూమి సంగతి చూద్దాం. ఇల్లు కట్టడానికి కావలసిన ఇటుక, ఇనుము, సిమెంటు, కూలి నగరం నడిబొడ్డునైనా శివారులోనైనా కాస్త అటూ ఇటూగా ఒకటే ఖర్చు. ఆకాశమంత తేడా వచ్చేది భూమి ధర దగ్గర. ఆ ధర పెరగడానికి యజమాని చేసింది దాదాపు ఏమీ ఉండదు. నగరం రోడ్డు వేసింది, రైలు తెచ్చింది, పక్కన ఆసుపత్రి కట్టింది, వేలమంది అక్కడికొచ్చి పనులు చేసుకుంటున్నారు. అందరూ కలిసి పెంచిన విలువ అది. అలాంటి స్థలాన్ని ఉచితంగానో నామమాత్రపు లీజుకో ఇచ్చినప్పుడు, ప్రభుత్వం తన దగ్గరున్న అతి పెద్ద సబ్సిడీని ఆ ఒక్క సంతకంతో ఇచ్చేసినట్టు. చిక్కేమిటంటే అది బడ్జెట్ పుస్తకంలో ఖర్చుగా కనపడదు. కనపడదు కాబట్టి ఎవరూ లెక్క అడగరు. అదే స్థలాన్ని వేలం వేస్తే వచ్చిన డబ్బు ఆ ఏడాది ఆదాయంలో మెరుస్తుంది. అక్కడ రావలసి ఉండి రాకుండా పోయిన ఇళ్లు ఏ పద్దులోనూ ఉండవు. అధికారులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, లెక్కలు రాసే పద్ధతే వాళ్లను వేలం వైపు నెడుతోంది.

"అంత విలువైన భూమి పేదల ఇళ్లకెందుకు? అమ్మేసి, ఆ డబ్బుతో ఊరి చివర ఇంతకు నాలుగింతలు కట్టొచ్చు కదా" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. దీనికి మెక్సికో దగ్గర జవాబుంది. 2000 తర్వాత ఒక దశాబ్దం పాటు అక్కడ ప్రభుత్వ గృహ రుణాల అండతో నగరాలకు దూరంగా, చౌక భూముల్లో లక్షలాది ఇళ్లు లేచాయి. వరసలు వరసలుగా, ఒకేలాంటి చిన్న ఇళ్లు. 2010 జనగణన నాటికి దేశంలో దాదాపు 50 లక్షల ఇళ్లలో ఎవరూ ఉండటం లేదని తేలింది. అన్నీ ఈ కాలనీల్లోవి కావు, కారణాలూ ఒకటి కాదు, కొన్నిచోట్ల హింస కూడా తరిమేసింది. అయినా ఆ దూరపు కాలనీలు ఖాళీ కావడం ఆ దేశం దాచుకోలేని వాస్తవమైంది. రోజూ పనికి పోయి రావడానికే గంటలు, జీతంలో పెద్ద వాటా. బడి లేదు, నీళ్లు సరిగా రావు. అప్పు కడుతూనే ఇంటికి తాళం వేసి జనం మళ్లీ నగరంలో ఇరుకు గదుల్లోకి వెళ్లిపోయారు. ఇల్లంటే గోడలూ కప్పూ మాత్రమే అనుకుని లెక్కేస్తే శివారే గెలుస్తుంది. ఆ ఇంటి నుంచి పనికీ, బడికీ, మందుల షాపుకీ ఉన్న దూరాన్ని కూడా లెక్కలో వేయండి, అప్పుడు పేట మధ్యలో ఉన్న ఆ డిపో స్థలం అసలు విలువ తెలుస్తుంది.

ఇప్పుడు ఒక పేట కథ కాస్త వివరంగా చెబుతాను. న్యూయార్క్‌లో మన్‌హాటన్ దక్షిణాన లోయర్ ఈస్ట్ సైడ్ అనే ప్రాంతం ఉంది. వలస వచ్చినవాళ్లు తరతరాలుగా మొదట కాలుపెట్టిన చోటు అది. అక్కడ డెలాన్సీ వీధి పక్కన, సీవార్డ్ పార్క్ పునర్నిర్మాణ ప్రాంతం అని పేరుపెట్టి, 1967లో నగర ప్రభుత్వం పాత ఇళ్లను కూల్చింది. దాదాపు 1,800 కుటుంబాలు ఇళ్లు వదిలాయి. ఎక్కువమంది పోర్టోరికో నుంచి వచ్చిన పేదవాళ్లు. కొత్త ఇళ్లు కట్టగానే మీరే ముందు తిరిగి రావచ్చని వాళ్లకు మాట ఇచ్చారు.

తర్వాత ఏం జరిగింది? ఆ స్థలంలో చాలా భాగం నలభై ఏళ్లకు పైగా కార్లు నిలుపుకొనే జాగాగా ఉండిపోయింది. మన్‌హాటన్‌లో, సబ్‌వే స్టేషన్ పక్కన, నగరానికే చెందిన భూమి! డబ్బు లేక కాదు, చట్టం అడ్డొచ్చీ కాదు. ఆ స్థలంలో ఎవరి ఇళ్లు రావాలన్న దాని మీద పేట రెండుగా చీలిపోయింది. పక్కనే సహకార సంఘాల అపార్ట్‌మెంట్లలో స్థిరపడినవాళ్లు పేదల ఇళ్లు ఇంకా వద్దన్నారు. తరిమేసిన కుటుంబాల తరఫువాళ్లు మాకిచ్చిన మాట నిలబెట్టుకోండన్నారు. ప్రణాళిక రావడం, గొడవ జరగడం, ప్రణాళిక అటకెక్కడం. మేయర్లు మారారు, ఆ జాగా మారలేదు.

చివరికి కదలిక ఎలా వచ్చిందో గమనించండి. ఆ ప్రాంతపు కమ్యూనిటీ బోర్డు, అంటే నగరానికి సలహాలిచ్చే స్థానికుల మండలి, ఏళ్ల తరబడి రెండు పక్షాలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. 2011లో అందరూ ఒప్పుకున్న మార్గదర్శకాలు బయటికొచ్చాయి. 2012లో నగర కౌన్సిల్ ఆమోదం తెలిపింది. వెయ్యికి పైగా ఇళ్లు, అందులో సగం మార్కెట్ ధరకు, సగం తక్కువ ఆదాయం, మధ్యతరగతి ఆదాయం వాళ్లకు. ఆ సగం శాశ్వతంగా అందుబాటు ధరలోనే ఉండాలి. శాశ్వతంగా అన్న మాట కోసం స్థానిక సంఘాలు పట్టుబట్టి సాధించుకున్నాయి, ఊరికే రాలేదు. 1967లో ఖాళీ చేయించిన కుటుంబాలకు ప్రాధాన్యం కూడా ఇచ్చారు. అయితే అప్పటికి సగం శతాబ్దం గడిచిపోయింది. ఆనాటి పిల్లలు ముసలివాళ్లయ్యారు, పెద్దవాళ్లలో చాలామంది పోయారు. ఎవరు ఎక్కడున్నారో వెతుక్కోవలసి వచ్చింది. మాట ఇచ్చినప్పుడే దానికి తేదీ రాసుకోకపోతే ఇలాగే అవుతుంది. అందుకే ఖాళీ చేయించే ముందే, తిరిగి ఎప్పుడు వస్తారో, అంతవరకూ ఎక్కడ ఉంటారో, ఆలస్యమైతే ఎవరు పరిహారం కడతారో కాగితం మీదికి రావాలని నేను గట్టిగా అంటాను.

అదే న్యూయార్క్‌లో, అక్కడికి కొద్ది దూరంలోనే ఇంకో స్థలం ఉంది. ఎలిజబెత్ స్ట్రీట్ గార్డెన్. నగరానికి చెందిన జాగాయే. 1990ల మొదట్లో ఒక గ్యాలరీ యజమాని లీజుకు తీసుకుని శిల్పాలు పెట్టి, చెట్లు పెంచి తోట చేశాడు. పేటవాళ్లకు అది ప్రాణం. అక్కడ తక్కువ ఆదాయం ఉన్న వృద్ధుల కోసం 123 ఇళ్లు కట్టాలని నగరం తలపెట్టింది. 2019లో కౌన్సిల్ ఆమోదించింది, కోర్టుల్లో ఏళ్లు నడిచింది, 2024లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నగరం పక్షానే తీర్పు చెప్పింది. అయినా 2025లో మేయర్ ఆ పథకం పక్కనపెట్టి, అదే డిస్ట్రిక్టులో వేరే చోట్ల ఇంకా ఎక్కువ ఇళ్లు వచ్చేలా స్థానిక కౌన్సిల్ సభ్యుడితో ఒప్పందం చేసుకున్నాడు.

ఆ తోటను కాపాడినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోను. కిక్కిరిసిన పేటలో నీడనిచ్చే నాలుగు చెట్లు విలాసమేమీ కాదు. కానీ ఈ కథలో నన్ను బాధపెట్టేది వేరే ఉంది. తోటలో రోజూ కూర్చునేవాళ్లకు పేర్లున్నాయి, ముఖాలున్నాయి, సభకొచ్చి మైకు పట్టుకుని మాట్లాడగలరు. ఆ 123 ఇళ్లలోకి రావలసిన వృద్ధులు ఎవరో అప్పటికి ఎవరికీ తెలియదు, వాళ్లకే తెలియదు. ఎక్కడో మెట్లెక్కలేని మూడో అంతస్తులో, ఎవరి ఇంట్లోనో సర్దుకుంటూ ఉంటారు. తమకు రాబోయే ఇంటి మీద చర్చ జరుగుతోందని వాళ్లకు కబురు చేసేవాళ్లు లేరు. కాబట్టి ఇలాంటి ప్రతి సభలోనూ ఒక పక్షం కుర్చీలు ముందే ఖాళీగా ఉంటాయి. అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఊళ్లలో జరిగిన ప్లానింగ్ సభల్లో రాసుకున్న నమోదులు (మినిట్స్) తీసి, ఎవరెవరు మాట్లాడారో ఒక్కొక్కరినీ పరిశీలించారు. మాట్లాడినవాళ్లలో సొంత ఇల్లున్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు వాళ్ల జనాభా వాటాకు మించి కనపడ్డారు. కొత్త ఇళ్లకు మద్దతుగా నోరు విప్పినవాళ్లు 15 శాతమే. ప్రజాభిప్రాయం సేకరించామని చెప్పే అధికారులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లలో కొందరికి సభ తేదీ తెలియజేసి, బస్సు ఛార్జీలిచ్చి, వాళ్లు పని నుంచి వచ్చాక సభ పెట్టడం అంత కష్టమేం కాదు.

ఇక నా అసలు ప్రశ్నకు వస్తాను, ఎన్నేళ్లు అని.

జర్మనీలో 2006 నాటికి సబ్సిడీ అద్దె ఇళ్లు దాదాపు 20 లక్షలు ఉండేవి. 2023 నాటికి సుమారు 11 లక్షలే మిగిలాయి. మిగతావి కూలిపోలేదు, ఎవరూ కూల్చలేదు. ఆ భవనాలు అక్కడే ఉన్నాయి, అదే రంగు, అవే మెట్లు. అక్కడి పద్ధతిలో ప్రభుత్వం చౌక రుణమిస్తుంది, బదులుగా కట్టినవాళ్లు ఫలానా సంవత్సరాల పాటు తక్కువ అద్దె తీసుకుంటారు. చాలా పథకాల్లో ఆ గడువు పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు. గడువు తీరగానే ఇల్లు మామూలు మార్కెట్ ఇల్లయిపోతుంది. ఏటా కొత్తవి కడుతూనే ఉన్నారు, గడువు తీరేవి అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. చిల్లు పడ్డ కుండలో నీళ్లు పోస్తూ ఉండటమే. అమెరికాలో పన్ను రాయితీతో కట్టే ఇళ్లకూ 1990 నుంచి ముప్పై ఏళ్ల గడువే మామూలు. ముప్పై ఏళ్లంటే చాలా కాలమనిపిస్తుంది. ముప్పై ఏళ్ల వయసులో ఆ ఇంట్లోకి వచ్చిన మనిషికి గడువు తీరేసరికి అరవై. పని మానేసి ఆదాయం తగ్గే వయసులో అద్దె పెరుగుతుందన్నమాట.

రుణానికి గడువు ఉండటం నాకు అర్థమవుతుంది. స్థలం కట్టినవాళ్లది, డబ్బు వాళ్లది, ప్రభుత్వం కొంత సాయం చేసింది, కొంతకాలం ఫలం తీసుకుంది. కానీ స్థలమే ప్రజలదైనప్పుడు గడువెందుకు? ఇచ్చింది పోనిది, తరగనిది. బదులుగా వచ్చేది ముప్పై ఏళ్లకు ఆవిరైపోయేదైతే అది ఏ రకంగానూ సరైన బేరం కాదు.

గడువు తీరడం ఒక దారి అయితే, అమ్మేయడం ఇంకో దారి. బ్రిటన్‌లో 1979 ప్రాంతంలో దాదాపు మూడోవంతు కుటుంబాలు స్థానిక కౌన్సిళ్ల ఇళ్లలో అద్దెకుండేవి. 1980 గృహ చట్టం ఆ ఇళ్లను అందులో ఉంటున్నవాళ్లే భారీ తగ్గింపుతో కొనుక్కునే హక్కిచ్చింది. ఒక్క ఇంగ్లండ్‌లోనే 20 లక్షలకు దగ్గరగా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ల సంతోషం నిజమైనది. జీవితంలో మొదటిసారి తన పేరు మీద ఇల్లు చూసుకున్న కార్మికుడి ఆనందాన్ని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు. కానీ అమ్మగా వచ్చిన డబ్బుతో మళ్లీ ఇళ్లు కట్టకుండా కౌన్సిళ్ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలుండేవి. అమ్మినన్ని కట్టలేదు. తర్వాత చేతులు మారి చాలా ఫ్లాట్లు అద్దెకిచ్చే యజమానుల దగ్గరికి చేరాయి. ఇళ్లులేని కుటుంబాలను ఉంచడానికి కొన్ని కౌన్సిళ్లు తాము ఒకప్పుడు అమ్మిన ఫ్లాట్లనే మార్కెట్ అద్దెకు తిరిగి తీసుకునే స్థితికి వచ్చాయి. స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ హక్కును రద్దుచేశాయి.

అయితే భూమి ప్రభుత్వం చేతిలో ఉంటే చాలు, అన్నీ అవే సర్దుకుంటాయా? లేదు. హాంకాంగ్ చూడండి. అక్కడ ఒక్క సెయింట్ జాన్స్ కేథడ్రల్ స్థలం తప్ప భూమంతా ప్రభుత్వానిదే, మిగిలినవాళ్లందరిదీ లీజే. 1953 క్రిస్మస్ రాత్రి షెక్ కిప్ మే గుడిసెల్లో మంటలు లేచి యాభై వేలమందికి పైగా నిలువనీడ లేనివాళ్లయ్యాక ప్రభుత్వం పెద్ద ఎత్తున ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. ఈనాటికీ జనంలో సగానికి కాస్త తక్కువమంది ప్రభుత్వ ఇళ్లలోనో, సబ్సిడీ ఇళ్లలోనో ఉంటున్నారు. ఇంత ఉన్నా ప్రపంచంలో ఇల్లు అతి ఖరీదైన నగరాల్లో అదొకటి. రెండు లక్షల మందికి పైగా గోడలు అడ్డుపెట్టి చీల్చిన గదుల్లో బతుకుతున్నారు. కారణమేమిటి? పన్నులు తక్కువగా ఉంచి, భూముల లీజులు వేలం వేసి వచ్చే సొమ్ము మీద ఖజానా ఆధారపడింది. భూమి ధర ఎంత ఎక్కువైతే ప్రభుత్వానికి అంత రాబడి. కాపాడవలసిన చేతికే ధర పెరగడం లాభమైనప్పుడు ఇంకెవరు తగ్గిస్తారు? మన స్థలాల వేలం గురించి ఆలోచించే ప్రతి నగరపాలక సంస్థా ఈ ఉదాహరణ ఒకసారి చదవాలి.

ఆస్ట్రియా రాజధాని వియన్నా ఈ విషయంలో నాకు బాగా నచ్చిన నగరం. చాలామంది దాని పేరు ఎత్తుతారు, ఎలా నడుస్తుందో మాత్రం తక్కువమంది చెబుతారు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక అక్కడ ఇళ్ల కరువు ఘోరంగా ఉండేది. 1923లో నగరం ఇళ్ల నిర్మాణ పన్ను తెచ్చింది. ఆర్థిక వ్యవహారాలు చూసిన హ్యూగో బ్రైట్నర్ దాన్ని మెట్లు మెట్లుగా వేశాడు, విలాసవంతమైన ఇళ్లమీద ఎక్కువ, చిన్న ఇళ్లమీద స్వల్పం. యుద్ధానంతర పరిస్థితుల్లో ధర పడిపోయిన భూములను నగరం కొనిపెట్టుకుంది. 1934 నాటికి అరవై వేలకు పైగా ఇళ్లు కట్టింది. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే భవనం కిలోమీటరు పొడవుంటుంది, అందులో 1,382 ఫ్లాట్లు. అంత పెద్ద కట్టడమైనా స్థలంలో ఐదోవంతుకు మించి కట్టలేదు, మిగతాదంతా పచ్చిక, చెట్లు, పిల్లలు ఆడుకునే చోటు. బట్టలుతికే గదులు, స్నానశాలలు, పసిపిల్లల బడులు, గ్రంథాలయం అన్నీ లోపలే.

ముఖ్యమైన విషయం, వియన్నా వాటిని అమ్మలేదు. ఇప్పటికీ నగరం చేతిలో సుమారు 2,20,000 ఇళ్లున్నాయి. వాటికి దాదాపు సమానంగా, పరిమిత లాభానికి పనిచేసే సంఘాల ఇళ్లున్నాయి. రెండూ కలిపితే నగర జనాభాలో సగంమంది అక్కడే ఉంటారు. ఆ సంఘాల పద్ధతి నాకు చాలా ఇష్టం. ఇల్లు కట్టడానికి నిజంగా ఎంతయిందో దాన్నిబట్టే అద్దె. నిర్మాణానికి తెచ్చిన అప్పు తీరిపోయాక అద్దె తగ్గుతుంది. మిగులు పెద్దగా బయటికి పోదు, మళ్లీ ఇళ్లలోకే పోతుంది. పాత ఇల్లు చౌకవుతూ కొత్త ఇంటిని నిలబెడుతుంది. గడువు తీరి ఇల్లు ఖరీదయ్యే పద్ధతికి ఇది సరిగ్గా ఎదురు.

భూమి దగ్గర ఏం చేస్తారంటే, 1984లో ఒక నిధి సంస్థ పెట్టారు. నగరం ఎటు పెరగబోతోందో చూసి, ధర పెరగకముందే భూమి కొని ఉంచుకోవడం దాని పని. ఇళ్లు కట్టే సమయం వచ్చినప్పుడు ఎక్కువ పాడినవాడికి అనకుండా పోటీ పెడతారు. నిర్మాణశైలి, ఖర్చు, పర్యావరణం, అక్కడ మనుషులు ఎలా కలిసి బతుకుతారు, ఈ నాలుగు కోణాల్లో నిపుణులు మార్కులు వేస్తారు. భూమి ధర ముందే తేలిపోయింది కనుక బిల్డర్లు మంచి ఇల్లు చూపించే పోటీపడాలి. 2019 నుంచి కొత్తగా నివాస ప్రాంతంగా మార్చే పెద్ద స్థలాల్లో మూడింట రెండువంతులు సబ్సిడీ ఇళ్లే ఉండాలన్న నియమం కూడా వచ్చింది, అక్కడ భూమి ధరకూ పరిమితి పెట్టారు.

లోపాలున్నాయి. నగరం ఇల్లు కావాలంటే రెండేళ్లుగా అక్కడ నివాసం నమోదై ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్లు, అందరికన్నా అవసరమున్నవాళ్లు ఆ రెండేళ్లూ మార్కెట్ దయ మీదే బతకాలి. ఆదాయ పరిమితి బాగా పైన ఉంది, మధ్యతరగతి అంతా అర్హులే. ఇది తప్పని కొందరంటారు, నేను మాత్రం ఇదే దాని బలం అంటాను. నర్సు, ట్రామ్ డ్రైవరు, ఉపాధ్యాయుడు ఒకే మెట్లెక్కే భవనాన్ని పాడుపడనివ్వడానికి ఏ రాజకీయ నాయకుడూ సాహసించడు.

నిర్వహణ మాట వచ్చింది కాబట్టి ప్రూయిట్ ఐగో గురించి రెండు ముక్కలు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో 33 భవనాలు, 2,870 ఫ్లాట్లు. 1950ల మధ్యలో పూర్తయ్యాయి, 1972లో కూల్చడం మొదలైంది. పేదలకు ఎత్తైన భవనాలు పనికిరావని ఆ కూల్చివేత ఫొటో చూపించి ఇప్పటికీ చెబుతారు. కానీ అసలు చిక్కు నిర్వహణ డబ్బు దగ్గరుంది. కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది, లిఫ్టులు, పైపులు, కాపలా మాత్రం అద్దెల్లోంచే నడవాలంది. నగరం నుంచి ఉద్యోగాలు, జనం వెళ్లిపోతుంటే ఉన్నవాళ్లు మరీ పేదవాళ్లు, అద్దెలు రాలేదు, బాగుచేయలేదు, ఖాళీలు పెరిగాయి. ఏ పథకం చూసినా ఇరవయ్యో ఏట లిఫ్టు మార్చడానికి డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో అడగండి. జవాబు లేకపోతే అక్కడే ఆపండి.

సొంత ఇల్లు కావాలనుకునేవాళ్ల మాటేమిటి? అద్దె ఇంట్లో ఎంత భద్రత ఉన్నా, మన పేరు మీద ఉండాలని చాలామందికి ఉంటుంది. అందులో తప్పు లేదు, పథకం దాన్ని గౌరవించాలి. సింగపూర్ దీన్ని తనదైన పద్ధతిలో చేసింది. 1960లో గృహ అభివృద్ధి బోర్డు పెట్టి, మొదటి ఐదేళ్లలోనే యాభై వేలకు పైగా ఫ్లాట్లు కట్టింది. 1966 భూసేకరణ చట్టంతో భూమి తన చేతిలోకి తెచ్చుకుంది, తక్కువ పరిహారంతో తీసుకోవడం మీద విమర్శలు రావడమూ న్యాయమే. ఇవాళ పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఆ ఫ్లాట్లలోనే ఉంటారు, ఎక్కువమంది కొనుక్కున్నవాళ్లు. కొన్నది 99 ఏళ్ల లీజు, నేల ప్రభుత్వానిదే. కానీ మళ్లీ అమ్మేటప్పుడు మార్కెట్ ధరకు అమ్ముకోవచ్చు కాబట్టి, మంచి చోట వచ్చిన ఫ్లాటు లాటరీ తగిలినట్టయింది. మొదటి కుటుంబానికి వచ్చిన సబ్సిడీ మొత్తం వాళ్లతోనే వెళ్లిపోయింది, తర్వాత కొన్న కుటుంబానికి ఏమీ మిగల్లేదు. అందుకే నడిబొడ్డు ప్రాంతాల కొత్త ఫ్లాట్లకు నియమాలు బిగించారు. పదేళ్లు ఉండాలి, అమ్మినప్పుడు సబ్సిడీలో కొంత వెనక్కి కట్టాలి.

దీన్ని ఇంకా నేర్పుగా చేసింది అమెరికాలోని ఒక చిన్న నగరం, వెర్మాంట్ రాష్ట్రంలో బర్లింగ్టన్. 1984లో నగరం పెట్టుబడి ఇచ్చి ఒక భూమి ట్రస్టు పెట్టించింది. భూమి ట్రస్టుది, ఇల్లు కొన్నవాళ్లది. అమ్మదలచుకుంటే కట్టిన సొమ్ము, చేయించిన మెరుగులకు తగినంత, దానిపై పెరిగిన విలువలో నాలుగోవంతు వాళ్లకొస్తుంది. మిగతా మూడువంతులు ఇంట్లోనే ఉండిపోతాయి, అంటే తర్వాతి కుటుంబం మార్కెట్ కన్నా తక్కువకు కొంటుంది. ఆ తర్వాతి కుటుంబమూ అంతే. ఒకసారి పెట్టిన సబ్సిడీ తరాల తరబడి పనిచేస్తుంది.

బోస్టన్‌లో రాక్స్‌బరీ పేటలో డడ్లీ వీధి చుట్టుపక్కలవాళ్లు మరీ ముందుకెళ్లారు. బీమా డబ్బుల కోసం ఇళ్లు తగలబెట్టిన రోజులు, ఊళ్లోని చెత్తంతా తెచ్చి ఆ ఖాళీ జాగాల్లో పోసిన రోజులు చూసిన పేట అది. 1984లో సంఘం కట్టుకున్నారు. 1988లో, తమ పేట మధ్యలో ఉన్న ఖాళీ ప్రైవేటు జాగాలను ప్రజా ప్రయోజనం కోసం సేకరించే అధికారాన్ని నగరం ఆ సంఘానికే ఇచ్చింది. నగరం తన జాగాలనూ అప్పగించింది. వాటిని ట్రస్టు కింద పెట్టి ఇళ్లు, తోటలు, ఆటస్థలం తెచ్చుకున్నారు. తోటా ఇల్లూ ఒకే పటంలో గీసింది పేటవాళ్లే కాబట్టి రెండింటికీ చోటు దొరికింది.

ప్రభుత్వ స్థలమనగానే ఖాళీ జాగాయే అక్కర్లేదు. షికాగోలో 2019లో గ్రంథాలయాలు, సబ్సిడీ ఇళ్లు కలిపి కట్టిన భవనాలు తెరిచారు. న్యూయార్క్‌లో ఇన్‌వుడ్ పేటలో పాత గ్రంథాలయం తీసి, కింద కొత్త గ్రంథాలయం, పైన 174 ఇళ్లు కట్టారు. ఒక అంతస్తుతో సరిపెట్టిన ప్రభుత్వ భవనాలు ఏ నగరంలోనైనా కనపడతాయి. వాటి పైన ఉన్న ఆకాశం కూడా ప్రజలదే.

ఆఖరిగా, ఇవన్నీ చేయాలంటే ఏ స్థలం ఎక్కడుందో ముందు తెలియాలి. ఏ శాఖకు ఆ శాఖ తన జాగాను గుట్టుగా ఉంచుకుంటుంది, వేలం నోటీసు వచ్చినప్పుడే పేటకు తెలుస్తుంది. కాలిఫోర్నియాలో 1968 నాటి మిగులు భూముల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు అక్కర్లేని భూమి అమ్మేముందు అందుబాటు ధర ఇళ్లు కట్టేవాళ్లకు ముందుగా అవకాశం ఇవ్వాలి. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2019లో దాన్ని సవరించి, ఉల్లంఘిస్తే అమ్మకపు ధరలో 30 శాతం జరిమానా అని పెట్టారు, మళ్లీ చేస్తే 50 శాతం. మిగులు భూముల జాబితా తయారుచేసి రాష్ట్రానికి అందించాలన్నారు. అప్పటినుంచి చట్టానికి పళ్లొచ్చాయి. మన పేటలో స్థలాల జాబితా అడగడానికి చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఒక దరఖాస్తు చాలు. జాబితా చేతికొచ్చాక ప్రతి స్థలం పక్కన ఇది అమ్మకానికా, లీజుకా, లీజైతే ఎన్నేళ్లకు, ఇల్లు చేతులు మారితే ధర ఎవరు నిర్ణయిస్తారు అని రాయించండి.

నా సమయం అయిపోయింది. మీ ప్రశ్నలు వింటాను. ఇందాకటి నుంచి వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తి ఉంది, మైకు ముందు తనకివ్వండి.